రష్యను వర్ణక్రమము: న్యాయమెంత, ఛాందసమెంత?

వ్రాతనుగూర్చి లోకమున రెండు మూఢవిశ్వాసములు ప్రబలియున్నవి. పలికినట్లు వ్రాయుటయే న్యాయమనియు, తక్కినదంతయు పండితులు పామరులపై మోపిన బరువనియు ఒక పక్షమువారందురు. పెద్దలు వ్రాసినట్లు వ్రాయుటయే ధర్మమనియు, ఒక్క యక్షరమును తొలగించినను భాషాసౌధము కూలిపోవుననియు రెండవ పక్షమువారందురు. ఒకరినొకరు దూషించుకొనుటలో చూపిన శ్రద్ధలో నాలవవంతైనను ఈ యుభయులును వ్రాత నియమములను పరీక్షించుటలో చూపియుండినచో, తమ వాదములు రెండును సగమే సత్యములని గ్రహించియుందురు. ఇందుకు రష్యను వర్ణక్రమముకంటె మంచి నిదర్శనము మాకు కానరాదు. పలికినట్లు వ్రాయని మాటలు అందు అనేకములు కలవు. వానిలో కొన్ని మిక్కిలి యుక్తియుక్తములు. కొన్ని వట్టి చెత్త. రెండింటిని వేరుచేయుటకు మేమొక గీటురాయిని ప్రతిపాదించుచున్నాము. పలక పట్టిన బాలుడు "ఇట్లేల వ్రాయవలెను?" అని యడిగినప్పుడు, అతడు నిత్యము మాటలాడు భాషనుండియే సమాధానము చెప్పగల నియమము నిలువదగినది. "మున్ను అట్లు వ్రాసిరి గనుక" అని మాత్రమే చెప్పగల నియమము పోదగినది.

తెనుగువారికి ఈ విచారణ మొదట వింతగా తోచును. మన లిపిలో, కొన్ని వర్ణములను మినహాయించినచో, వ్రాసినది వ్రాసినట్లే చదువుదుము. రష్యనులో అట్లు కాదు. నీటికి 'వొదా' అని వ్రాసి 'వదా' అని పలుకుదురు. కొండకు 'గొరా' అని వ్రాసి 'గరా' అని పలుకుదురు. తోటకు 'సాద్' అని వ్రాసి 'సాత్' అని పలుకుదురు. ఇది విన్న మనవాడు, ఇంగ్లీషువారి జబ్బే వీరికిని పట్టినది కాబోలునని చప్పరించును. కాని తొందరపడరాదు. ఈ మూడు మాటలకును కారణము కలదు; అది ఆ భాషలోనే దొరకును.

రష్యను మాటలో ఏదో యొక యచ్చుపై ఊనిక పడును. అనగా దానిని నొక్కి పలుకుదురు. ఊనిక లేని చోట 'ఒ'కారము తన రూపము కోల్పోయి 'అ'కారమువలె వినబడును. 'వదా' అనునప్పుడు ఊనిక కడపటి యచ్చుపై నుండుటచే మొదటి యచ్చు మరుగుపడినది. బహువచనమున ఊనిక మొదటికి జరుగును. అప్పుడు 'వోది' యని స్పష్టముగా వినబడును. గడ్డికి 'త్రవా' అందురు. దాని బహువచనము 'త్రావి'. ఏకవచనమున 'వదా', 'త్రవా' అను రెంటిలోను మొదటి యచ్చు చెవికి ఒక్కటియే. బహువచనము వచ్చి, ఇది 'ఒ', అది 'అ' అని సాక్ష్యము చెప్పుచున్నది.

హల్లుల విషయమును అట్టిదే. మన వ్యాకర్తల పరిభాషలో చెప్పవలెనన్న, రష్యనులో పదాంతమందలి సరళములు పరుషములుగా వినబడును. పచ్చికబయలునకు 'లూగ్' అనియు, ఉల్లికి 'లూక్' అనియు వ్రాయుదురు. పలుకుబడిలో రెండును 'లూక్' అనియే. బాలుడు వీనిని వేరుచేయుటెట్లు? పచ్చికబయళ్లను 'లుగా' అనును. ఉల్లియొక్క అనవలసినచోట 'లూకా' అనును. అచ్చు పరమైనంతనే హల్లు తన నిజస్వరూపమును చూపినది. కావుననే రష్యను ఉపాధ్యాయుడు పిల్లవానికి జాబితాలు ఇచ్చి వల్లె వేయింపవలసిన పని యిక్కడ లేదు. "సందేహము కలిగినచో ఆ మాటనే మార్చి చూడుము" అని యొక్క సూత్రము చెప్పిన చాలును. పిల్లవాడు తన నోటనున్న భాషనే పరీక్షించి అక్షరమును నిర్ణయించుకొనును. ఎన్ని విభక్తులు చేరినను, ఊనిక ఎటు జరిగినను, ధాతువు కాగితముపై ఒక్క ముఖముతోనే కానవచ్చును. ఇది పాండిత్య ప్రకర్ష కాదు. చదువరికి చేసిన యుపకారము. ఇరువదవ శతాబ్దిలో మాస్కోనగరపు భాషాశాస్త్రజ్ఞులు అవనేసొవ్, రెఫర్మాత్‌స్కీ మొదలగువారు ఈ పద్ధతి అంధాచారము కాదనియు, భాషాధ్వనుల నిర్మాణమే దానికి ఆధారమనియు సోపపత్తికముగా నిరూపించిరి.

అయినను ఈ పద్ధతిని ఏ పండితుడును గదిలో కూర్చుండి కల్పింపలేదు. 988లో కీవు రాజ్యము క్రైస్తవమును స్వీకరించిన పిమ్మట, బల్గేరియాలో గ్రీకులిపి మాతృకగా రూపొందిన సిరిల్లికు లిపియు, అందు వ్రాసిన మతగ్రంథములును ఆ దేశమున వ్యాపించినవి. 1056-57 సంవత్సరములలో వ్రాయబడిన 'ఆస్త్రొమీర్ సువార్త' నేటికిని నిలిచియున్నది. ఆ కాలమున 'వొదా' అని వ్రాసినవారు 'వొదా' అనియే పలికిరి. తరువాతి శతాబ్దములలో మాస్కో ప్రాంతపు పలుకుబడి మారి, ఊనిక లేని 'ఒ' కాస్త 'అ' అయినది. ఉత్తరదేశపు పల్లెలలో పాత యుచ్చారణ నిలిచినది. వ్రాత మాత్రము మారలేదు. చరిత్ర యాదృచ్ఛికముగా నిచ్చిన దానిని వ్యాకరణము న్యాయమని సమర్థించినది. ఇచ్చట ఛాందసులు గర్వింపబనిలేదు. ఆ వ్రాత పాతదగుటచే మంచిది కాలేదు. నేటి పిల్లవాని నోటనే దానికి సాక్ష్యమున్నందున మంచిదైనది.

పలికినట్లే వ్రాయవలెనను వాదమును పాటించినవారు పొరుగుననే కలరు. బెలారుసువారు నీటిని 'వదా' అనియే వ్రాసి, బహువచనమును 'వోది' యని వ్రాయుదురు. వారి వ్యాకరణమును తరష్కేవిచ్ 1918లో ప్రకటించెను. వ్రాయు పిల్లవానికి ఇది సుళువు. కాని ఒక్క మాటయే రెండు ముఖములతో పుటపై తిరుగును. మేము వారిని తప్పుపట్టము. సెర్బులలో వుక్ కరాజిచ్ పలికినట్లు వ్రాయుమని యుద్ఘోషించెను. ఆతని పద్ధతిని 1868లో సెర్బియా ప్రభుత్వము పూర్తిగా నంగీకరించెను. వారి భాషలో ఊనిక లేని యచ్చులు రష్యనులోవలె రూపుచెడవు గనుక ఆ సూత్రము వారికి చక్కగా కుదిరినది. ఒకరి కొలతకు కుట్టిన యంగీని అందరికిని తొడుగబూనుట సంస్కారము కాదు. ఏ భాష స్వభావమునుబట్టి ఆ భాషకు వ్రాత.

రష్యను లిపిలో మెచ్చదగినది మరియొకటి కలదు. మన చకార జకారములలో దంత్య తాలవ్య భేదము కలదు గదా! ఇట్టి కఠిన మృదు భేదము రష్యనులో ఇంచుమించు హల్లులన్నిటను కలదు. మృదువులకన్నిటికి వేరువేరు అక్షరములు కల్పించినచో లిపి బరువెక్కును. వారు హల్లులను ముట్టక, అచ్చుగుర్తులను అయిదు జంటలుగా ఏర్పరచుకొనిరి. జంటలో మొదటిది వచ్చిన ముందరి హల్లు కఠినము. రెండవది వచ్చిన మృదువు. అచ్చు లేనిచోట మృదుత్వమును తెలుపుటకు ఒక చిహ్నమున్నది. కొద్ది గుర్తులతో పెద్ద పని నెరవేరినది. దీనిని కాదనువాడు లెక్క తెలియనివాడు.

ఇక చెత్త మాట. 1918కి ముందు రష్యనులో హల్లుతో ముగియు ప్రతి కఠినపదము చివరను 'యెర్' అను గుర్తు వ్రాయవలసియుండెను. పదునొకండవ శతాబ్దిలో అది నిజముగా ఒక అతిహ్రస్వమైన యచ్చు. 12, 13 శతాబ్దులలో ఆ యచ్చు నోట నశించినది; కాగితముపై మాత్రము మరి యేడువందల యేండ్లు బ్రతికినది. పదముల నడుమ ఎడమీయక వ్రాసిన కాలమున పదాంతమును తెలుపుటకైన అది పనికివచ్చినది. ఎడమిచ్చి అచ్చువేయు కాలమున ఆ పనియు పోయినది. లెవ్ ఉస్పెన్‌స్కీ యను రచయిత, టాల్‌స్టాయి 'యుద్ధము-శాంతి' గ్రంథపు పాతకూర్పులోని ఈ మూగగుర్తులను లెక్కించి, అవి లక్షకు మించుననియు, అన్నిటిని ఒకచో కూర్చిన 70కి పైగా పుటలు నిండుననియు చూపెను. ఒక్క ధ్వనియు లేని డెబ్బది పుటలకు కాగితమును, సిరాను, కూర్పరుల కూలిని సమర్పించుట ఎవరి పుణ్యమునకు?

'యెర్' కాగితమును మాత్రమే తినెను. 'యాత్' అను నక్షరము బాల్యమును తినెను. ప్రాచీనకాలమున దీనికి వేరు ధ్వని యుండెను. పదునెనిమిదవ శతాబ్దినాటికే విద్యావంతుల పలుకుబడిలో సయితము అది 'ఎ'కారముతో కలిసిపోయినది. అయినను నూటికి పైగా ధాతువులలో దానినే వ్రాయవలెను, పొరపడినచో తప్పు. ఏ మాటలో ఏది వ్రాయవలెనో రష్యను నోరు చెప్పదు. రొట్టెను ఉక్రెయినువారు 'హ్లీబ్' అందురు గనుక వారి చెవికి ఆ భేదము తెలియును. 'హ్లేబ్' అని వ్రాయు రష్యను బాలునికి ఏమి తెలియును? అందుచే పిల్లలు ఆ మాటలను పద్యములుగా కట్టి అర్థము లేకుండ వల్లించిరి. ఇక 'ఫితా' యను నక్షరమో, గ్రీకుమాటల గౌరవార్థము నిలిపినది. ఫ్యోదర్ అను పేరులోని 'ఫ'కు ఫితాయు, ఫిలీప్ అను పేరులోని 'ఫ'కు మరియొక యక్షరమును వ్రాయవలెను. ఏలయనగా గ్రీకులో మొదటిది థియొడోరస్! తన పేరు తాను వ్రాసికొనుటకు రష్యను రైతుబిడ్డ గ్రీకు నేర్వవలెనట! స్త్రీలనుగూర్చి 'వారు' అనుటకు వేరు వర్ణక్రమము. సామాన్య సంభాషణలో లేని యా భేదమును కాగితముపై మాత్రము పాటింపవలెను.

ఇవన్నియు చిన్న సంగతులని చదువరులనవచ్చును. కావు. 1897 జనాభాలెక్కలలో రష్యను సామ్రాజ్యమున చదువనేర్చినవారు నూటికి 21మంది. స్త్రీలలో నూటికి 13మంది మాత్రమే. పల్లెబడిలో రెండు మూడు చలికాలములు మాత్రమే గడుపగల బిడ్డకు ఆ కాలములో అధికభాగము యాత్ జాబితాలకే వ్యయమైనచో, లెక్కలకును భూగోళమునకును మిగులునదేమి? ఆ యక్షరము భాషకు సేవ చేయలేదు. పెద్దింటి బిడ్డను పేదయింటి బిడ్డనుండి గుర్తించుటకు ద్వారపాలకుని పని చేసినది. ఇచ్చటనే మా గీటురాయి తన గుణము చూపుచున్నది. 'వొదా' నియమమును రైతుబిడ్డ తన తల్లిభాషతో సాధించుకొనగలడు. యాత్ నియమమును సాధించుటకు తీరికయు ధనమును కావలెను.

ఈ వివాదము నిన్న మొన్న పుట్టినది కాదు. పీటరు చక్రవర్తి 1708-10 సంవత్సరములలో లౌకికగ్రంథములకు క్రొత్త అచ్చక్షరములను ఏర్పరచి, పాత రూపములను స్వహస్తముతో కొట్టివేసెను. 1748లో త్రెదియకోవ్‌స్కీ పలికినట్లే వ్రాయవలెనని వాదించెను. లొమొనోసొవ్ 1755లో రచించిన వ్యాకరణమున, వ్రాత అందరికిని చదువుటకు సులభముగా నుండవలెననియు, ఉచ్చారణకు మిక్కిలి దూరము కారాదనియు, పదముల పుట్టుక జాడలు బొత్తిగా మరుగుపడరాదనియు మధ్యేమార్గమును చూపెను. 1885లో గ్రోత్ పండితుడు నియమములను క్రోడీకరించెను గాని యాత్‌ను గద్దె దింపలేదు. ఉపాధ్యాయుల మొర హెచ్చగా, 1904లో చక్రవర్తి విద్వత్పరిషత్తే ఒక సంఘమును నియమించెను; ఫర్తునాతొవ్, షాఖ్మతొవ్ మొదలగు మహాపండితులందు పనిచేసిరి. 1912లో వారి తీర్మానములు సిద్ధమైనవి. 1917 మే నెలలో తాత్కాలిక ప్రభుత్వము వానిని పాఠశాలలలో ప్రవేశపెట్టనాజ్ఞాపించెను. 1917 డిసెంబరులోను, 1918 అక్టోబరు 10వ తేదీనను బొల్షెవిక్కు ప్రభుత్వము శాసనములు చేసి అమలుపరచెను.

ఈ తేదీలను ఇంత వివరముగా నేల చెప్పితిమనగా, సంస్కారమును ద్వేషించువారు దానిని "బొల్షెవిక్కుల వ్రాత" యని నిందించిరి. బొల్షెవిక్కుల భక్తులు అది తమవారి ఘనకార్యమని చాటిరి. ఉభయులదియు అసత్యము. పొలము దున్ని విత్తినవారు జారుచక్రవర్తికాలపు పండితులు. కోసినవారు మాత్రమే వేరు. కోతలో జరిగిన దౌర్జన్యమును మేము సమర్థింపము. అచ్చుకూటములనుండి 'యెర్' అచ్చులను బలాత్కారముగా తీసికొనిపోయిరి. పదమధ్యమున ఆ గుర్తు న్యాయముగా కావలసినచోట సయితము లేకపోగా, ముద్రాపకులు కొన్నియేండ్లు పైకొమ్మువంటి చిహ్నముతో సరిపెట్టుకొనిరి. కాని 1917 డిసెంబరు శాసనములోని ఒక షరతు మాత్రము సంస్కర్తలందరు కంఠస్థము చేయదగినది: పాత పద్ధతి నేర్చినవారిని మరల నేర్వుమని నిర్బంధింపరాదు. నేర్చినవారికి సౌలభ్యము, నేర్వనున్నవారికి విముక్తి. ఇంతకంటె ధర్మమైన మాట ఏ శాసనమునందైనను అరుదు.

ప్రతిపక్షుల వాదములను చూతము. పాత పుస్తకములతో సంబంధము తెగునని వారి మొదటి మాట. తొలగించిన గుర్తులు నాలుగు. వానిని చదువ నేర్చుటకు ఒక పూట చాలును. వానిని తప్పులేకుండ వ్రాయ నేర్చుటకే యేండ్లు పట్టెను. భారమంతయు వ్రాయువానిపైననే యుండెను. పుష్కిను కవిత్వము క్రొత్త వర్ణక్రమమున అచ్చయినది. ఒక్క పాదమైనను కుంటుపడలేదు. వేర్వేరు మాటలు కలిసిపోవునని రెండవ మాట. శాంతికిని లోకమునకును 'మీర్' అనియే పేరు; పూర్వము వేరువేరు 'ఇ'కారములతో వ్రాసిరి. టాల్‌స్టాయి గ్రంథనామములోనిది శాంతియే. ఈ భేదము నోట ఎన్నడును లేదు. అయినను రష్యనులు వేయి సంవత్సరములుగా ఒకరి మాట ఒకరు గ్రహించుకొనుచునే యుండిరి. సొగసు చెడునని మూడవ మాట. దేశాంతరగతుడైన బూనిన్ వంటి మహారచయిత పాతవ్రాతను ఎంతో కాలము విడువలేదు. ఆయన వేదనను గౌరవింతుము. కాని కోల్పోయిన దేశముపైని ప్రేమ యొకటి, చచ్చిన యక్షరముపైని భక్తి యొకటి. మొదటిదానిని రెండవదానికి తాకట్టు పెట్టరాదు.

సంస్కర్తలు చేయనిదానిని గూడ గమనింపవలెను. వారు 'వొదా'ను 'వదా'గా మార్చలేదు. 'లూగ్'ను 'లూక్' చేయలేదు. పొల్లును చెరిగిరి గాని గింజను పారబోయలేదు. ఒక్కచోట మాత్రము, 'జ్'తో ముగియు కొన్ని యుపసర్గములను పరుషములకు ముందు 'స్'తో వ్రాయుమని విధించి, తమ మూలసూత్రమునే తప్పిరి. ఇట చెవి గెలిచినది, రూపము ఓడినది. మంచి సంస్కారమందు సయితము నలుసులుండును.

మిగిలిన నలుసులను ఏరబూనినవారికి జరిగిన గతి మరియొక పాఠము. 1956లో నియమములన్నియు ఒక సంపుటముగా ప్రకటింపబడినవి. 1964లో వినొగ్రాదొవ్ అధ్యక్షుడుగా నుండిన పండితసంఘము మరికొన్ని మార్పులు సూచించెను. కుందేటికి 'జాయత్స్' అని వ్రాయుదురు. విభక్తి చేరినంతనే అందలి యచ్చు మాయమై 'జాయ్‌త్సా' యగును. ఇట్లు మాయమగు అచ్చులు ఇతర పదములలో 'ఎ'కారముతోనో 'ఒ'కారముతోనో వ్రాయబడుచుండగా, ఈ కుందేటికి మాత్రము వేరు గుర్తేల? దానిని సరిచేయుడని సంఘమువారనిరి. దేశమంతయు నవ్వినది, పత్రికలకు కోపపు జాబులు వెల్లువెత్తినవి, ప్రతిపాదనములు అటకెక్కినవి. నవ్వినవారెవరు? కష్టపడి నేర్చినవారు. వారి వాదమంతయు "మేము పడితిమి, వారును పడవలెను" అను అత్తగారి న్యాయమే. సంఘమువారి సూచనలన్నియు శిరోధార్యములని మేమనము. ఎలుకకు 'మిష్' అను మాట చివరనున్న మృదుచిహ్నమునకు ధ్వని లేకున్నను, అది స్త్రీలింగమును సూచించును. అడిగిన బిడ్డకు చెప్పదగిన సమాధానమున్నది. కుందేటికి మాత్రము సమాధానము లేదు. నేటికిని 'ఒగొ' అని వ్రాసి 'ఒవొ' అని పలుకు విశేషణ విభక్తికిని సమాధానము లేదు. ఇక 'యో' యను నక్షరముపై రెండు చుక్కలను పిల్లల పుస్తకములలో పెట్టి పెద్దల పుస్తకములలో సాధారణముగా మానుదురు. అందుచే 'అందరు', 'అంతయు' అను రెండు వేరు మాటలు ఒకే రూపున నిలిచి చదువరిని తికమకపెట్టుచున్నవి. లేని ధ్వనికి గుర్తుంచుట యెంత తప్పో, ఉన్న ధ్వనికి గుర్తు మానుటయు నంత తప్పు.

ఆ 1904-12 సంవత్సరములలోనే, 1911లో మదరాసున ఆంధ్రసాహిత్యపరిషత్తు వెలయుటయు, గిడుగు రామమూర్తి పంతులుగారు వ్యావహారికమునకై పోరాడుటయు మనవారికి తెలిసినదే. శకటరేఫమును, అరసున్నయు నేటి యచ్చులో దాదాపు కానరావు, తెనుగు కూలిపోలేదు. వానిని విడిచినవారు 'ల'కారమును 'ళ'కారమును కలిపివేయలేదు, ఏలయనగా ఆ భేదమునకు నేటి నాలుకయే సాక్షి. మనము తెలియకయే ఆ గీటురాయిని వాడితిమి. తెలిసి వాడుట మేలు.

వ్రాత నేర్చినవారి యాస్తి కాదు. వారు దానికి ధర్మకర్తలు మాత్రమే. హక్కుదారులు ఇంకను పలక పట్టనివారు. నియమమును మార్చుడనువారును, మార్చకుడనువారును ముందుగా ఆ బిడ్డయెదుట నిలిచి, "ఏల?" యను ప్రశ్నకు ఉత్తరమీయవలెను. ఉత్తరమున్న నియమమును ఎంత కష్టమైనను నేర్పుదము. ఉత్తరములేని నియమము ఎంత ప్రాచీనమైనను, ఎంత సొగసైనను, దానికి నమస్కరించి సాగనంపుదము.